బస్సు చార్జీ

మూడు దినాల కూటాలకు
వేల్స్ నుంచి వచ్చినాడు ఆయన.
దొర అనొద్దు, గారెత్ అనండి అన్నాడు.
సంఘ పెద్ద దావీదప్ప తలూపి
"సరే గారెత్ దొరా" అన్నాడు.

తర్జుమా నాది.
ముద్దనూరు హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పుకునేదాన్ని,
ఆ మూడు దినాలు
ఆయనకు అర అడుగు వెనక నిలబడిన గొంతుని.

జమ్మలమడుగు దాటినాక పెన్న ఒడ్డున మా పేట.
గుడి నిండా నాపబండలు,
మాఘంలోనే అరికాళ్ళు చురుక్కుమంటాయి.
చెప్పులు బయటే. దొర బూట్లూ బయటే.
ఆయన మేజోడుకు బొటనవేలి దగ్గర చిల్లు.
మొదటి దినం ఆడోళ్ళంతా
వాక్యం కంటే ముందు దాన్ని చూసినారు.
మరుసటి పొద్దుకల్లా కుట్టుంది,
నల్ల దారంతో, జ్ఞానమ్మ చేతి కుట్టు.

ఆయన మంచు అన్నాడు.
మాకు మంచంటే
తెల్లవారి శెనగాకు మీద పులుపెక్కే నీళ్ళు.
నేను "విచ్చిన పత్తి" అన్నాను.
పత్తి ఏరే చేతులన్నీ
ఒళ్ళో ఒక్కసారి కదిలినాయి.

ఆయన గొర్రెలన్నాడు.
వాళ్ళ కొండల్లో ఏ మనిషీ లేకుండానే
దినమంతా మేస్తాయంట.
వెనక వరసలో కుళ్ళాయప్ప నవ్వినాడు:
"కాపరి లేకపోతే
మొదటి రాత్రి తోడేలు, రెండో రాత్రి బావమరిది!"
అది నేను ఇంగ్లీషులోకి దించలేదు.

ఆయన ఒక మాట చెబితే నాది మూడు మాటలయ్యేది.
ఆయన అనుమానంగా చూసేవాడు.
పైనున్నాయన కూడా చూసే ఉంటాడు.

మూడో దినం మాపటేళ కరెంటు పోయింది.
సెల్‌ఫోన్లు పైకెత్తి పట్టుకున్నారు పిల్లోళ్ళు.
ఆ వెలుతురు చాలక
ఆయన కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు.
కాసేపు ఏమీ అనలేదు.
తర్వాత అన్నాడు:

మా ఊళ్ళో మా గుడి పోయిన మార్చిలో మూసేసినాం.
ఆఖరి ఆదివారం పదకొండు మందిమి.
మా నాయన వాయించిన ఆర్గాన్
కొనేవాడు లేక ముక్కలు ముక్కలుగా విప్పినాం.
ఇప్పుడందులో తివాచీలు అమ్ముతారు.
మీకు బోధించడానికి వచ్చినాను,
నాకు సంఘం లేదు.

మాటకు మాట చెప్పినాను.
పత్తి కలపలేదు, శెనగ కలపలేదు.

జ్ఞానమ్మ స్తంభం పట్టుకొని లేచింది.
"ఊరుకో నాయనా" అంది.

ఆయన నా దిక్కు చూసినాడు.
ఇరవై ఆరేండ్లు ఇంగ్లీషు చెప్పినాను,
ఆ మాట దగ్గర నిలిచిపోయినాను.
నోరు మూసుకొమ్మని కాదు,
ఏడవద్దని కూడా కాదు,
బిడ్డ వీపు మీద పడే అరచేతికి
మా పక్క ఆ పేరుండాది.
ఇవన్నీ చెప్పేలోపలే
ఆమె ఇంకో మాట అడిగింది:

"ఆ ఊరికి బస్సు చార్జీ ఎంత?
పన్నెండో మనిషిని నేనొస్తా.
నాకు అరవై పాటలొచ్చు.
శెనగ కోతలు కానీ."

"గొర్రెలకు నేను" అన్నాడు కుళ్ళాయప్ప.
ఎవరో కిసుక్కున నవ్వినారు.
ఈసారి అంతా చెప్పినాను, బావమరిదితో సహా.

ఆయన నవ్వలేదు.
జేబులోంచి ఆ వాక్యం కాగితమే తీసి
వెనక పక్క పెన్సిలుతో లెక్క వేసినాడు,
ముద్దనూరులో రైలు, మద్రాసులో విమానం,
అక్కడినుంచి మళ్ళీ రైలు,
కొండ మలుపు దాకా ఒక బస్సు.
నిజంగా బస్సుండాది.
రూపాయల్లోకి మార్చి కింద గీత గీసినాడు.

"అమ్మో" అంది జ్ఞానమ్మ,
కాగితం మాత్రం వదలలేదు.

ఆయన పోయి నాలుగు నెలలాయె.
నిన్న ఆదివారం గుడి బయట
కొంగు ముడిలోంచి తీసింది దాన్ని.
మడతల కాడ పెన్సిలు చెరిగిపోయింది.
ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకొని అడిగింది:

"టీచరమ్మా,
ఇది పోవడానికేనా,
పోయి రావడానికా?"